ఆవు ఈసుకుపోయిన ఇంట్లో వీడని జ్వరం: గంగవరం పాడి రైతులు ఇద్దరు డాక్టర్లకూ చెప్పాల్సిన మాట

మీ ఆవు ఏడో నెల చూలుతో ఉండగా ఈసుకుపోయింది. మాయ పడలేదు. మీరో, ఇంట్లో ఆడవాళ్లో ఉత్తచేతులతోనే లాగి, చచ్చిన దూడను దిబ్బలో పారేశారు. నెలా నెలన్నర గడిచాక మీకు సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లారేసరికి ఒళ్లంతా చెమట. నడుము పట్టేసింది, మోకాళ్లు లాగుతున్నాయి. ఊళ్లో చూపించుకుంటే టైఫాయిడ్ అన్నారు. వారం మందులు వాడితే తగ్గింది, మళ్లీ వచ్చింది. పలమనేరు వెళ్లి రక్తపరీక్షలు చేయించారు. అక్కడ ఎవరూ "ఇంట్లో పశువులున్నాయా? ఈమధ్య ఏ ఆవైనా ఈసుకుపోయిందా?" అని అడగలేదు. మీరూ చెప్పలేదు. ఆవు సంగతి మనుషుల డాక్టరుకు చెప్పాలని ఎవరికి తోస్తుంది?

గంగవరం మండలంలో ఇది ఏ ఇంట్లోనైనా జరగగలిగే సంగతి. సంకరజాతి ఆవులు, రోజూ రెండుపూటలా పాలు పోయడం, పక్కనే టమాటా తోట, కొందరికి మల్బరీ, ఇంకొందరికి గొర్రెల మంద. మనిషి, పశువు, చేను ఒకే ప్రహరీలో ఉండే బతుకు మనది. డాక్టర్లు మాత్రం వేర్వేరు భవనాల్లో ఉంటారు. ఈ రెండు భవనాల మధ్య తలుపు తెరవాలని ప్రపంచమంతా ఇప్పుడు మాట్లాడుతోంది. దానికి పెట్టుకున్న పేరు వన్ హెల్త్. మనిషి ఆరోగ్యం, పశువు ఆరోగ్యం, చుట్టూ ఉన్న నీరు, నేల, అడవి ఆరోగ్యం ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని, వాటిని కలిపి పరిశోధించాలని, కలిపి కాపాడాలని దాని అర్థం. మనిషికి వచ్చే అంటువ్యాధుల్లో సుమారు 60 శాతం జంతువుల నుంచి వచ్చేవేనని శాస్త్రవేత్తల లెక్క. కొత్తగా పుట్టుకొస్తున్న వాటిలో ఈ వాటా సుమారు 75 శాతం.

మన దేశంలో జాతీయ వన్ హెల్త్ మిషన్‌కు 2022 జులైలో ప్రధానమంత్రి శాస్త్ర సాంకేతిక సలహా మండలి ఆమోదం తెలిపింది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. దీనికోసం నాగపూర్‌లో జాతీయ వన్ హెల్త్ సంస్థ వస్తోంది. 2022 డిసెంబరులో దానికి శంకుస్థాపన జరిగింది. ఆరోగ్యం, పశుసంవర్ధకం, వ్యవసాయం, పర్యావరణం వంటి శాఖలన్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలన్నది ఉద్దేశం. మంచిదే. కానీ ఢిల్లీలో బల్ల వేసినంత మాత్రాన గంగవరంలో తలుపు తెరుచుకోదు. ఇక్కడ ఆ తలుపు తాళంచెవి ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంది. ఎందుకంటే ఆవు ఈసుకుపోవడాన్నీ, ఇంట్లో మనిషికి జ్వరం రావడాన్నీ రెండింటినీ చూసేది మీరొక్కరే.

ఈసుకుపోయే రోగం: మొదట తెలుసుకోవాల్సింది ఇదే

పై ఉదాహరణలో చెప్పిన జబ్బు పేరు బ్రూసెల్లోసిస్. ఆవులు, గేదెల్లో ఇది ఎక్కువగా చూలు ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య ఉన్నప్పుడు ఈసుకుపోయేలా చేస్తుంది. మాయ పడకపోవడం, ఆ తర్వాత గర్భసంచి చెడిపోవడం, ఎద మళ్లీ మళ్లీ తిరగడం దీని వెంట వచ్చే నష్టాలు. ఒకసారి ఈసుకుపోయిన ఆవు తర్వాతి చూలుకు నిలబడవచ్చు, మామూలుగానే ఈనవచ్చు. చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది. అయినా ఈనేటప్పుడు, పాలల్లో క్రిమిని వదులుతూనే ఉంటుంది. మోసం అంతా అక్కడే ఉంది.

ఈసుకుపోయిన దూడ, మాయ, ఉమ్మనీరు, ఆ తర్వాత కారే మైల, వీటిలో క్రిమి లెక్కలేనంత ఉంటుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, కంట్లో ఒక్క చుక్క పడినా చాలు. పచ్చిపాలతోనూ మనిషికి అంటుతుంది. మనిషి నుంచి మనిషికి అంటడం చాలా అరుదు. కాబట్టి ఒక ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే ఇద్దరూ ఒకే కొట్టంలో పనిచేశారని, లేదా ఒకే ఆవు పచ్చిపాలు తాగారని అనుమానించాలి.

మనిషిలో దీని గుర్తులు ఏ జ్వరానివైనా కావచ్చు. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నీరసం, ఆకలి లేకపోవడం, కీళ్లనొప్పి, నడుంనొప్పి. మగవారికి వృషణాల వాపు రావచ్చు. గర్భిణికి గర్భస్రావం కావచ్చు. ముదిరితే వెన్నుపూసకు పడుతుంది, గుండె కవాటాలకూ పడుతుంది. టైఫాయిడ్, మలేరియా, క్షయ అని పొరబడటం మామూలు. అలా పొరబడి వాడిన మందులకు కొంత తగ్గి, మానగానే తిరగబెడుతుంది. దీనికి ప్రత్యేకమైన రక్తపరీక్ష ఉంది. డాక్టరు అడిగితేనే ల్యాబ్ చేస్తుంది, అనుమానం వస్తేనే డాక్టరు అడుగుతారు, మీరు చెబితేనే అనుమానం వస్తుంది. చికిత్స రెండు రకాల మందులు కలిపి సాధారణంగా ఆరు వారాలు. మూడో వారంలో ఒళ్లు తేలికపడిందని మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

అందువల్ల ఒక చిన్న మాట అలవాటు చేసుకోండి. పది రోజులు దాటిన జ్వరంతో పీహెచ్‌సీకి వెళ్లినా, కుప్పం, తిరుపతి, వేలూరు పెద్దాసుపత్రులకు వెళ్లినా, "సార్, మాకు ఆవులున్నాయి, రెండు నెలల కింద ఒకటి ఈసుకుపోయింది, మాయ నేనే తీశాను" అని మీ అంతట మీరే చెప్పండి. అర నిమిషం పట్టదు. ఎన్ని పరీక్షల ఖర్చు తప్పుతుందో చెప్పలేం. అలాగే పశువుల డాక్టరు వచ్చినప్పుడు ఇంట్లో ఎవరికైనా వీడని జ్వరం ఉంటే ఆ సంగతీ చెప్పండి. ఆయన ఆవు రక్తం, పాలు పరీక్షకు పంపే నిర్ణయం మీ మాటతో మారిపోవచ్చు.

టీకా ఉంది, కానీ వయసు దాటితే లేదు

బ్రూసెల్లోసిస్‌కు పెయ్య దూడలకు టీకా ఉంది. 4 నుంచి 8 నెలల వయసులో ఒక్కసారి వేస్తే చాలు. మగ దూడలకు వేయరు. చూలు ఆవులకు వేయకూడదు, వేస్తే ఈసుకుపోయే ప్రమాదం ఉంది. 2019 సెప్టెంబరులో మథురలో ప్రధాని ప్రారంభించిన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం గాలికుంటుతో పాటు ఈ జబ్బునూ లక్ష్యంగా పెట్టుకుంది. రెండింటికీ కలిపి అయిదేళ్లకు 13,343 కోట్ల రూపాయలు కేటాయించారు. టీకా ఉచితం.

గాలికుంటు టీకాకు జనం బాగానే పట్టుకొస్తారు. ఆ జబ్బు వస్తే పాలు ఒక్కసారిగా పడిపోతాయి, నురగ కారుతుంది, కుంటుతుంది. నష్టం కంటికి కనిపిస్తుంది. ఈసుకుపోయే రోగం టీకా దగ్గర మాత్రం "చిన్న దూడకు ఇప్పుడెందుకు" అనే మాట వినిపిస్తుంది. ఆ దూడే మూడేళ్లకు మీ కొట్టంలో చూలు ఆవు. అప్పుడు గుర్తొచ్చినా టీకా వయసు దాటిపోయి ఉంటుంది. పెయ్య పుట్టిన తేదీ గోడ మీదో క్యాలెండరు మీదో రాసుకుని, నాలుగు నెలలు నిండగానే రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకులకు చెప్పండి. చెవికి 12 అంకెల పోగు వేయించండి. ఒక జాగ్రత్త: ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా. సూది మనిషికి గుచ్చుకుంటే మనిషికీ జబ్బు రావచ్చు. దూడను పట్టుకునేవాళ్లు గట్టిగా పట్టుకోవాలి, ఖాళీ సీసాను పిల్లల చేతికి ఇవ్వకూడదు.

ఇక ఈసుకుపోయిన రోజు చేయాల్సినవి. చేతికి మోచేతి దాకా తొడుగు, ముఖానికి గుడ్డ లేకుండా మాయ ముట్టవద్దు. తొడుగు లేకపోతే మందమైన ప్లాస్టిక్ సంచి అయినా కట్టుకోండి. దూడను, మాయను కుక్కలకు అందకుండా లోతైన గుంటలో సున్నం చల్లి పూడ్చండి. దిబ్బలోకి, చెరువులోకి వద్దు. కొట్టం నేలను బ్లీచింగ్ నీళ్లతో కడగండి. ఆ ఆవును మిగతా వాటి నుంచి కొన్ని వారాలు విడిగా కట్టండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెను ఆ పనికి అసలు దగ్గరకు రానివ్వద్దు. పిల్లలకు పచ్చిపాలు బలమనే నమ్మకం ఇంకా కొందరిలో ఉంది. పొంగు వచ్చేదాకా కాచిన పాలల్లో ఈ క్రిమి బతకదు, పచ్చిపాలల్లో హాయిగా బతుకుతుంది.

పాల గురించి మాట్లాడుతూ మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరాన్ని తలుచుకోకుండా ఉండలేం. 1915లో అక్కడ వెలిసిన క్షయ ఆసుపత్రి దక్షిణ భారతమంతటా పేరు తెచ్చుకుంది. పశువులకూ క్షయ వస్తుంది, అది పచ్చిపాల ద్వారా మనిషికీ రాగలదు. పాలు కాచడమనే మన పెద్దల అలవాటు దాన్ని చాలావరకు ఆపింది. ఇంట్లో క్షయ రోగి ఉన్నా, దగ్గుతూ చిక్కిపోతున్న ఆవు ఉన్నా, ఆ సంగతి కూడా రెండు చోట్లా చెప్పాల్సిందే.

పరీక్షలో పాజిటివ్ వస్తే?

రైతు ఇరుక్కునేది ఇక్కడే. అప్పుచేసి కొన్న ఆవు, రోజుకు పదీ పన్నెండు లీటర్లు ఇస్తోంది. జబ్బుందని తేలితే ఏం చేయాలి? చాలామంది చేసేది సంతకు తోలడం. కొన్నవాడికి ఏమీ తెలియదు. అక్కడి నుంచి ఆవు పుంగనూరుకో, వి.కోటకో, సరిహద్దు దాటి కోలారుకో పోతుంది. జబ్బు కూడా దాని వెంటే పోతుంది. రేపు మీరు సంతలో కొనే ఆవు అలాగే వచ్చినదై ఉండవచ్చు.

పక్షుల ఫ్లూ వచ్చినప్పుడు చంపించిన కోళ్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. పరిహారం ఉంది కాబట్టే రైతు సమాచారం ఇస్తాడు. పాడి ఆవు విషయంలో అలాంటి భరోసా రైతు చేతికి అందేదాకా జబ్బు దాచిపెట్టడం ఆగదని మా అభిప్రాయం. వన్ హెల్త్ పేరుతో ఎన్ని ప్రయోగశాలలు కట్టినా, నిజం చెప్పిన రైతు నష్టపోయే పద్ధతి ఉన్నంతకాలం వాటికి నిజం చేరదు. రైతు సంఘాలు, పాల సంఘాలు అడగాల్సింది ఇదే. అప్పటిదాకా మీ చేతుల్లో ఉన్నవి రెండు. కొనే ముందు రక్తపరీక్ష చేయించమని పట్టుబట్టడం ఒకటి. కొన్నాక మూడు నాలుగు వారాలు మందలో కలపకుండా విడిగా ఉంచడం రెండోది. పాజిటివ్ వచ్చిన ఆవు ఉంటే విడిగా కట్టి, పాలు కాచే వాడుతూ, ఈనేటప్పుడు డాక్టరును పిలిపించుకోండి. తెలిసి తెలిసి మరో రైతు కొట్టంలోకి తోలవద్దు.

పట్టుపురుగుల షెడ్డుకు ఉన్న మర్యాద కొట్టానికి లేదు

పలమనేరు వైపు పట్టు రైతులను చూడండి. పురుగుల షెడ్డులోకి వెళ్లేముందు చెప్పులు విడుస్తారు, చేతులు కడుగుతారు, గుమ్మం దగ్గర సున్నం, బ్లీచింగ్ చల్లుతారు. బయటివాళ్లను లోపలికి రానివ్వరు. సున్నపుకట్టు రోగం ఒక్క పురుగుకు కనిపిస్తే చాలు, ఏరి దూరంగా వేస్తారు. పక్క టమాటా చేనులో మందు కొడుతుంటే గాలి ఎటు వీస్తోందో చూసుకుని మల్బరీ ఆకు కోస్తారు. పొరుగు చేనులో మందు, మన ఆకు, మన పురుగు, మన జేబు ఎలా ముడిపడి ఉన్నాయో పట్టు రైతుకు ఏ శాస్త్రవేత్తా చెప్పనక్కర్లేదు. అదే రైతు అదే చెప్పులతో ఈసుకుపోయిన ఆవు పక్కన నిలబడి, ఆ చెప్పులతోనే ఇంట్లోకి వస్తాడు.

సందర్భం వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. 1865లో ఫ్రాన్స్‌లో పట్టుపురుగుల జబ్బు పరిశీలించడానికి వెళ్లిన లూయీ పాశ్చర్, 1881లో గొర్రెలకు ఆంత్రాక్స్ టీకాను బహిరంగంగా వేసి చూపించారు. 1885లో పిచ్చికుక్క కరిచిన పిల్లవాడికి రేబిస్ టీకా వేశారు. పురుగు, గొర్రె, కుక్క, మనిషి అంతా ఒకే మనిషి పనిలో వచ్చాయి. గంగవరంలో ఈ నాలుగూ ఒకే వీధిలో ఉంటాయి.

రాబందులు పోయాయి, కుక్కలు పెరిగాయి

మనిషి, జంతువు, పర్యావరణం ఎలా ముడిపడి ఉన్నాయో లెక్కలతో సహా చూపించిన పరిశోధన ఒకటి మన దేశం మీదే జరిగింది. 1990లలో పశువుల నొప్పులకు, వాపులకు డైక్లోఫెనాక్ సూది చౌకగా దొరకడం మొదలైంది. ఆ మందు వాడిన పశువు చచ్చాక దాని కళేబరాన్ని తిన్న రాబందులకు మూత్రపిండాలు పాడయ్యాయి. కొన్నేళ్లలోనే కొన్ని జాతుల రాబందులు 95 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. కారణం మందేనని 2004లో తేలింది. 2006లో భారతదేశం పశువులకు డైక్లోఫెనాక్‌ను నిషేధించింది.

రాబందులు లేకపోవడంతో కళేబరాలు కుళ్లాయి, నీళ్లలో కలిశాయి, ఊరకుక్కలకు తిండి దొరికింది. ఎయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రాబందులు ఎక్కువగా ఉండే జిల్లాల్లో మరణాల లెక్కలను లేని జిల్లాలతో పోల్చి చూశారు. 2024లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2005 వరకు దేశంలో సుమారు 5 లక్షల మరణాలు అదనంగా జరిగాయి. ఆవు నొప్పికి వేసిన ఒక సూది చివరికి మనుషుల ప్రాణాల లెక్కలో తేలింది.

నిషేధం తర్వాత కూడా మనుషులకు అమ్మే పెద్ద సీసాలను పశువులకు వాడటం ఆగలేదు. అందుకే 2015లో డైక్లోఫెనాక్ సూదిమందును 3 మిల్లీలీటర్ల ఒంటి మోతాదుకే పరిమితం చేశారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులను, 2024 చివర్లో నిమెసులైడ్‌ను పశువులకు వాడకుండా నిషేధించారు. మెలాక్సికామ్, టాల్ఫెనామిక్ ఆమ్లం రాబందులకు హాని చేయవని తేలింది. ఊళ్లో సూది వేసేవారు ఏ మందు వేస్తున్నారో అడగండి. మీ ఊరి పైన రాబందు ఎగరడం మీ పిల్లలు చూసి ఉండకపోవచ్చు. కానీ కౌండిన్య అడవి అంచునే మనం ఉన్నాం, మన పశువులు అక్కడే మేస్తాయి.

కళేబరాల విషయం ఇంకా ఒకటుంది. గొర్రె గానీ ఆవు గానీ ఉన్నట్టుండి పడి చచ్చి, ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంటే దాన్ని కోయవద్దు, తోలు తీయవద్దు, మాంసం పంచుకోవద్దు. అది ఆంత్రాక్స్ అని డాక్టర్లు చెప్పే దొమ్మ రోగం కావచ్చు. కళేబరం కోస్తే క్రిమి గాలి తగిలి గింజలా గట్టిపడుతుంది. అదే నేలలో పదుల ఏళ్లు పడి ఉంటుంది. తర్వాత ఆ గడ్డి మేసిన మందకు మళ్లీ వస్తుంది. మాంసం కోసినవారి చేతుల మీద మధ్యలో నల్లగా ఉండే, నొప్పి లేని పుండు వస్తుంది. విశాఖ మన్యంలో చచ్చిన పశువుల మాంసం కోసిన వారికి ఈ పుండ్లు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఇలాంటి చావు కనిపిస్తే వెంటనే పశువైద్యశాలకు ఫోన్ చేయాలి. కళేబరాన్ని కదపకుండా కుక్కలను తోలాలి. ఎంత బాధగా ఉన్నా, మంద పోయిన నష్టం కాస్త పూడుతుందని మాంసం అమ్ముకోవద్దు.

కుక్కల దగ్గరికి వస్తే, ఆవు ఉన్నట్టుండి చొంగ కారుస్తూ, మింగలేక, వింతగా అరుస్తుంటే గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చేయి పెట్టడం మన దగ్గర చాలామంది చేసే పని. రేబిస్ అయితే ఆ చేయి ప్రాణం తీస్తుంది. ముందు కుక్క కరిచిందేమో గుర్తు తెచ్చుకోండి, డాక్టరును పిలవండి. ఇప్పటికే చేయి పెట్టి ఉంటే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు పీహెచ్‌సీలో టీకా వేయించుకోండి. గొర్రెలు, మేకలు కోసినప్పుడు నీటితిత్తులు ఉన్న కాలేయం, ఊపిరితిత్తులను కుక్కకు వేయడం కూడా మానాలి. ఆ తిత్తుల్లోని పురుగు కుక్క కడుపులో పెరిగి, దాని పేడ ద్వారా పిల్లల చేతికి, కడుపులోకి చేరి మనిషి కాలేయంలో గడ్డ అవుతుంది.

పొదుగుకు ఎక్కించిన మందు క్యానులో కలిస్తే

పొదుగువాపుకు యాంటీబయాటిక్ వేయించాక ఎన్ని రోజులు పాలు పోయకూడదో మందును బట్టి ఉంటుంది. పెట్టె మీద రాసి ఉంటుంది, డాక్టరు చెబుతారు. మూడు రోజులు, అయిదు రోజులు పాలు పారబోయడం ఎంత కష్టమో తెలియక చెప్పడం లేదు. కానీ ఒక ఇంటి క్యాను పాలు శీతలీకరణ కేంద్రంలో ఊరందరి పాలల్లో కలుస్తాయి. కాచినా చాలా యాంటీబయాటిక్‌లు పోవు. కొద్దికొద్దిగా లోపలికి పోయిన మందుకు క్రిములు అలవాటుపడతాయి, ఆ తర్వాత మనిషికి జబ్బు చేసినప్పుడు అదే మందు పనిచేయదు. 2019లో ప్రపంచంలో మందులకు లొంగని క్రిముల వల్ల నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంతర్జాతీయ అధ్యయనం ఒకటి అంచనా వేసింది. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని మన దేశం అదే 2019లో నిషేధించింది. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు చివరిగా వాడేది అది. పాలు, మాంసం, గుడ్లలో యాంటీబయాటిక్ అవశేషాలపై ఆహార భద్రతా సంస్థ నిబంధనలు 2025 ఏప్రిల్ నుంచి మరింత కఠినమయ్యాయి. పాలు వెనక్కి వచ్చే రోజు మీకు రాకముందే జాగ్రత్తపడటం మేలు.

నిజానికి చాలా పొదుగువాపులు కొట్టం శుభ్రంతో తప్పించుకోగలిగినవే. పితికాక చన్నులను మందునీటిలో ముంచడం, పితికిన వెంటనే ఆవు పడుకోకుండా మేత వేసి నిలబెట్టడం, పొదుగువాపు ఆవును అన్నిటికంటే చివర పితకడం. ఇవి ఖర్చులేనివి, అందుకే పట్టించుకోం.

టమాటా ధర పడిపోయినప్పుడు పండ్లనూ, పంట అయిపోయిన చెట్లనూ పశువులకు వేయడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. చివరి మందు కొట్టి ఎన్ని రోజులైందో, డబ్బా మీద ఎన్ని రోజులు ఆగమని ఉందో చూసుకోకుండా వేయవద్దు.

ఏవి భయపడాల్సినవి, ఏవి కావు

2022లో ముద్దచర్మ వ్యాధి వచ్చినప్పుడు పాలు తాగితే మనిషికీ వస్తుందని పుకారు లేచి చాలాచోట్ల పాడి రైతులు దెబ్బతిన్నారు. ఆ జబ్బు మనిషికి రాదు. గాలికుంటు గురించీ మనిషి భయపడనక్కర్లేదు. పక్షుల ఫ్లూ వేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో హెచ్5ఎన్1 బయటపడింది. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక చిన్నారి అదే వైరస్‌తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క నోట్లో పెట్టుకున్నట్టు వార్తలు వచ్చాయి. బాగా ఉడికిన కోడి, గుడ్డుతో ప్రమాదం లేదు. చచ్చిన నాటుకోళ్లను ఉత్తచేతులతో ముట్టడం, ఈకలు తీయడం, పిల్లలను దగ్గరకు రానివ్వడం ప్రమాదం.

మెదడువాపు జ్వరాన్ని దేశంలో మొదటిసారి మనుషుల్లో గుర్తించింది 1955లో, మన పక్కనున్న వేలూరు ప్రాంతంలోనే. ఆ వైరస్ పందుల్లో, కొంగల్లో పెరిగి దోమల ద్వారా మనిషికి వస్తుంది. ఆవుల నుంచి రాదు. వానాకాలం చివరి నుంచి చలికాలం దాకా పొదల్లో గడ్డి కోసేవారికి, గొర్రెలు కాసేవారికి స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కంటికి కనిపించనంత చిన్న పురుగు కుట్టిన చోట, చంకలోనో గజ్జలోనో నడుము దగ్గరో, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లని మచ్చ ఉండవచ్చు. వెతికితేనే కనిపిస్తుంది. డాక్టరుకు చూపించండి. చవకైన మందుతో త్వరగా తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది.

మండలంలో అడగాల్సింది

మన ఆవు చెవిపోగు సంఖ్య పశుసంవర్ధక శాఖ కంప్యూటరులో ఉంటుంది. మన జ్వరం ఆరోగ్య శాఖ కంప్యూటరులో ఉంటుంది. ఈ రెండు లెక్కలూ ఒకచోట చూసేవారు మండలంలో ఎవరో గ్రామసభలో అడగండి. ఏ ఊళ్లో ఒకే నెలలో రెండు మూడు ఆవులు ఈసుకుపోయాయో పశుసంవర్ధక సహాయకులకు తెలుసు, ఏ ఇంట్లో జ్వరం వీడటం లేదో ఆశా కార్యకర్తకు తెలుసు. ఇద్దరూ ఒకే సచివాలయం పరిధిలో పనిచేస్తారు. నెలకొకసారి ఇద్దరూ కూర్చుని ఆ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టుకోవడానికి కొత్త భవనం గానీ కొత్త బడ్జెట్ గానీ అక్కర్లేదు. పలమనేరులో పశు పరిశోధన స్థానం, తిరుపతిలో వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం మనకు దగ్గరలోనే ఉన్నాయి. ఒక ఊళ్లో వరుసగా ఆవులు ఈసుకుపోతుంటే వారి సాయంతో రక్తనమూనాలు తీయించమని మండల పశువైద్యాధికారికి పది మంది రైతులు సంతకాలు చేసి అర్జీ ఇవ్వవచ్చు.

పశువుకు అత్యవసరమైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మనిషికైతే 108. పశువు కోసం ఫోన్ చేసినప్పుడు ఇంట్లో జ్వరం సంగతి, మనిషి కోసం వెళ్లినప్పుడు కొట్టంలో సంగతి చెప్పడం మరవద్దు.